సిస్టరమ్మ జలుబును చూసే పద్ధతి

సిస్టరమ్మ పోయారన్న కబురు నాకు ఒక చీటీ మీద అందింది. మాదాపూర్‌లో నేను పనిచేసే ఆఫీసులో ఫోను మా సూపర్‌వైజర్ టేబుల్ మీద ఒక్కటే ఉంటుంది. ఎవరికి ఫోనొచ్చినా ఆయన చీటీ రాసి కీబోర్డు పక్కన పెట్టి వెళ్లిపోతాడు. "మీ అక్కగారు చేశారు. మేడమీది సిస్టర్ గారు మధ్యాహ్నం నిద్రలోనే పోయారట." ఆ సమయానికి నా చెవుల్లో హెడ్‌ఫోన్లున్నాయి. అమెరికాలో ఎవరో డాక్టరు ఒక చంటిపిల్ల దగ్గు గురించి నింపాదిగా చెప్పుకుపోతున్నాడు. ఆయన వాక్యం పూర్తయ్యేదాకా టైపు చేసి, చుక్క పెట్టి, అప్పుడు ఏడ్చాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. శేరిలింగంపల్లిలో మేం అద్దెకున్న ఇంటి మేడమీది గదిలో ఒక్కరే ఉండేవారు. సర్కారు దవాఖాన పిల్లల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ కాలనీ పిల్లలు. కింది వాటాలో మేము: స్కూల్లో పాఠాలు చెప్పే అక్క, గవర్నమెంటు ఉద్యోగం చేసే బావ, వాళ్ల పాప, నేను. గుంటూరులో బీఎస్సీ అయ్యాక ఇక్కడికొచ్చి మూడు కంప్యూటర్ కోర్సుల్లో చేరి రెండు మధ్యలో వదిలేసి, చివరికి అమెరికా డాక్టర్ల మాటలు టైపు చేసే పనిలో కుదిరాను. పొద్దున పూట పాప నా పూచీ. ఒంటిగంటకు అక్క వస్తే రెండింటికి నేను ఆఫీసులో ఉండాలి.

ఆ ఉద్యోగం నాకొక జబ్బు అంటించింది. రోజంతా రోగాల పేర్లు వినీ వినీ, పాప తుమ్మితే చాలు, నా చెవిలో ఏదో పెద్ద పేరు మోగేది. ప్రతి జబ్బుకూ స్పెల్లింగు తెలుసు. ఒక్క జబ్బునూ కళ్లతో చూసింది లేదు.

పాపకు ఏడాది దాటాక మొదటిసారి గట్టిగా జలుబు చేసింది. ముక్కు కారుతోంది, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. పక్కింటివాళ్లు తమ పిల్లవాడికి వాడగా మిగిలిందని ఇచ్చిన యాంటీబయాటిక్ సిరప్ అలమరలో ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని మెట్ల కింద నుంచి కేకేశాను. సిస్టరమ్మ దిగి వచ్చారు. పాపను ముట్టుకోలేదు. గుమ్మం దగ్గర కూర్చుని, "ఇయ్యాల ఏం కూర?" అన్నారు. మా అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుందని అడిగారు. నాకు లోపల మండిపోతోంది.

"ఆంటీ, పాపను చూడరా?"

"సూస్తనే ఉన్న గద."

"కనీసం ముట్టుకోలేదు కదండీ!"

"ముట్టుకుంటె ఏడుస్తది. ఏడ్సే పిల్లల ఏం దెలుస్తది? నువ్వు గూడ జర కూసో. గిట్ల తిరుక్కుంట ఉంటె దాని కండ్లు నీ ఎనకనే తిరుగుతున్నయ్."

ఒకచోట కూర్చోవడం నాకు పుట్టుకతో రాని విద్య. అయినా కూర్చున్నాను. పాప గిన్నె మీద గరిటెతో బాదింది. నన్ను చూసి నవ్వింది. ముక్కు చిరాకు పెడుతుంటే చేత్తో రుద్దుకుని, ఆ చేతిని నా చున్నీకి తుడిచింది. ఐదు నిమిషాలయ్యాక సిస్టరమ్మ అన్నారు: "ఆడుతున్నది, నవ్వుతున్నది, ఊపిరి అల్కగ తీస్తున్నది. ఇది జలుబు. వారం, పది దినాలు ఉండి పోతది. దీనికి మందు లేదు." తర్వాత నా చేతిలోని సీసా చూసి, "ఇది ఎవరి బిడ్డ మందు? ఈ బిడ్డ కడుపుల ఏం పని దానికి?" అని తీసుకెళ్లి తూములో ఒంపేశారు.

ఆ వారంలో ఆవిడ నాకు నేర్పినవి చాలా చిన్న పనులు. కాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి, పాలు పట్టే ముందు ముక్కులో రెండేసి చుక్కలు వేయడం. ముక్కు మూసుకుపోయిన పిల్ల పాలు ఎట్లా తాగుతుంది మరి! గోరువెచ్చని నూనె చుక్కలు వేయమని ఊరి నుంచి మా అమ్మమ్మ ఉత్తరం రాయిస్తే, "నూనె పోపుకు మంచిది, ముక్కుకు కాదు. ఊపిరితిత్తులల్లకు పోతది" అన్నారు. మరిగే నీళ్ల గిన్నె పక్కన పాపను కూర్చోబెట్టి ఆవిరి పట్టిద్దామంటే నా మీద గట్టిగానే అరిచారు. వార్డులో జలుబు తగ్గి, కాలిన గాయాలతో మిగిలిన పిల్లల్ని చూశారట. అక్క అరటిపండు మానిపించిందని తెలిసి, "దానికెందుకు శిక్ష? జలుబు చలికి రాదు, పండుకు రాదు. మనుషుల నుంచి మనుషులకు వస్తది. ముందుగాల నీ చేతులు కడుక్కో" అన్నారు. నాలుగో రోజు చీమిడి ఆకుపచ్చగా మారిందని నేను మెట్లెక్కి పరిగెత్తితే, దిగి వచ్చి పాపను చూసి, "రంగు మారుతది. రంగు సూసి పరేషాన్ గాకు, పిల్లను సూడు" అని, నాకు టీ పోశారు. అక్క వాము మూట వెచ్చచేసి పాప ఛాతీ మీద అద్దుతుంటే మాత్రం వద్దనలేదు. "కాలకుండ పెట్టుకో టీచరమ్మా. దానికేమైతదో గాని, నీకు నిమ్మళమైతది."

తొమ్మిదో రోజుకు జలుబు పోయింది, దగ్గు ఇంకొన్నాళ్లుండి పోయింది. ఇంట్లో ఒక్క సీసా తెరవలేదు. ఆ గెలుపు నా తలకెక్కింది. కాలనీలో ఏ పిల్ల తుమ్మినా "జలుబేనండీ, మందొద్దు" అని నేనే చెప్పేదాన్ని.

ఆ చలికాలంలోనే పాపకు మళ్లీ వచ్చింది. సిస్టరమ్మ చెల్లెలి ఊరికి వెళ్లి ఉన్నారు. సోమవారం నేను కూర్చున్నాను, చూశాను, జలుబేనని తేల్చాను. డాక్టరుకు చూపిద్దామన్న బావతో, "ప్రతి తుమ్ముకూ డాక్టరేంటి బావా!" అని నవ్వాను కూడా. గురువారం తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం తగిలింది. శుక్రవారం పొద్దున పాలు వద్దంది. నిద్ర చాలలేదనుకున్నాను.

ఆ పూటే సిస్టరమ్మ ఊరి నుంచి చిక్కుడుకాయల సంచితో నేరుగా మా వాటాలోకే వచ్చారు. "ఏందే పిల్లా, మల్ల కోర్సు గిట్ల మార్చినవా, లేకుంటె..." అంటూ ఆగిపోయారు. పాప నా ఒళ్లో పడుకుని ఉంది. ఆవిడ వైపు తల తిప్పలేదు. సిస్టరమ్మ సంచి కింద పెట్టి, పాప గౌను పైకెత్తి, చేతి గడియారం చూస్తూ నిలబడ్డారు. నిమిషం అంత పొడుగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నిమిషానికి యాభై రెండు ఊపిర్లు. ఏడాది దాటిన పిల్లకు నలభై అంటెనే జోరు. పక్కటెముకల కింద సూడు."

చూశాను. ఊపిరి తీసినప్పుడల్లా అక్కడ చిన్న గుంట పడుతోంది. ఆ గుంటకు ఇంగ్లీషులో ఉన్న మాటను నేను కొన్ని వందలసార్లు తప్పు లేకుండా టైపు చేసి ఉంటాను.

"బిడ్డను ఎత్తుకో. ఆటో నేను పిలుస్త."

కొండాపూర్ దగ్గర కొత్త భవనాల కోసం రాళ్లు పేలుస్తున్నారని ఎర్రజెండా పట్టుకున్నతను మా ఆటో ఆపాడు. సిస్టరమ్మ తల బయటపెట్టి, "అన్నా, నీ రాళ్లు ఎన్నో ఏండ్ల సంది ఆగినయ్, ఇంకో ఐదు నిమిషాలు ఆగుతయ్. ఈ బిడ్డ ఆగదు" అన్నారు. అతను పాపను చూసి, వెనక్కి తిరిగి విజిల్ ఊది పేలుడు ఆపించి, మమ్మల్ని పోనిచ్చాడు.

న్యుమోనియా. ఆక్సిజన్ పెట్టారు. ఆరు రోజులున్నాం. మొదటి రెండు రోజులూ బావ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. మూడో రోజు పొద్దున పాప మంచం పక్కన అరటిపండు చూసి చెయ్యి చాచాక, వరండా బల్ల మీద సిస్టరమ్మ పక్కన కూర్చుని గొంతు విప్పాను.

"మీరు చెప్పినట్టే చూశానండీ. సోమవారం అది జలుబే."

"సోమవారం జలుబే. నువ్వు తప్పు జెప్పలే. శుక్రవారం సూసినవా?"

నేను వార్డు తలుపు వైపు చూశాను.

"నేను నీకు సగమే నేర్పిన. నా తప్పు గూడ ఉన్నది ఇందుల. జలుబని ఒక్కసారి పేరు పెట్టి ఊకుంటె కాదు బిడ్డా. తెల్లారంగనే మల్ల కొత్తగ సూడాలె, నిన్న సూడనట్టే. తాగుతున్నదా, ఆడుతున్నదా, ఉచ్చ పోస్తున్నదా, ఊపిరెట్లున్నది. తగ్గిన జరం మల్ల తిరిగొస్తె ఇంట్ల కూసునుడు లేదు. రెండు నెలల లోపు పసిగుడ్డయితె అసలు ఎదురుసూసుడే లేదు, దవాఖానకు ఉరుకుడే."

ఆ తర్వాత ఎన్నడూ ఆ శుక్రవారాన్ని ఆవిడ నాకు గుర్తు చేయలేదు. కాలనీలో ఎవరి దగ్గరా ఎత్తలేదు. పైగా పిల్లల్ని చూడటానికి వెళ్తూ నన్ను వెంటబెట్టుకునేవారు. ముందు నన్ను చూడమని, తను గోడ వైపు చూస్తూ కూర్చునేవారు.

సిస్టరమ్మను మట్టి చేసిన మూడో రోజు, గుట్టల వెనక గుడిసెల నుంచి ఒకామె చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. భవనాల పనికి పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. పదినెలల పిల్ల, ముక్కు ధారగా కారుతోంది. "సిస్టరమ్మ లేదా?" అంది. చెప్పాను. మెట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకుంది. లేచి వెళ్లబోతుంటే, "కూర్చో అమ్మా" అని నేనూ కూర్చున్నాను. ఆ పిల్ల నా ఆఫీసు బస్సు పాసు లాక్కుని నమిలింది. గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను: ముప్పై ఎనిమిది. ఆ వయసుకు యాభై లోపు ఉంటే చాలు. ఎక్కడా గుంట లేదు.

"జలుబే. పాలు మానిపించొద్దు" అన్నాను.

"సూదెయ్యవా?"

"అక్కర్లేదు."

ఆమె ముఖం చూస్తే నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

మర్నాడు అక్కకు సెలవు. అయినా పొద్దున్నే పాపను చంకనెత్తుకుని గుడిసెల వైపు నడిచాను. టార్పాలిన్ నీడలో సిమెంటు సంచి పరిచి, ఆమె పిల్లకు మెత్తటి అన్నం పెడుతోంది.

"నిన్న సూస్తివి గద! మల్లెందుకొస్తివి?"

ఎదురుగా రాయి మీద కూర్చుని పిల్ల ఊపిరి చూశాను. పాప నా ఒళ్లోంచి జారి ఆ పిల్ల దగ్గరకు వెళ్లింది. ముక్కు కింద రెండు చారలు తళతళలాడుతుండగా ఆ పిల్ల గిన్నెలో చెయ్యి పెట్టి, గుప్పిట్లో మెతుకులు పిసికి, చాలా ఆలోచించి, మా పాప ముందుకు చాచింది. మా పాప నోరు తెరిచింది.