గులాబీ రంగు నిలవని నీళ్లు

నీళ్ల పరీక్ష గదిలో పనిచేసే ఆవిడకి నవ్వొస్తే ముందు చెయ్యి లేస్తుంది, ఆ తర్వాతే పెదవులు విడతాయి. గోధుమ రంగు చారలు పడ్డ పళ్లను అరచేత్తో మూసుకోవడం చిన్ననాటి అలవాటు. ఎవరు సీసా తెచ్చినా నీళ్లు గాజు గొట్టంలో పోసి, గులాబీ రంగు మందు చుక్కలు వేసి, ఒక కన్ను మూసి కిటికీ వెలుగులో చూస్తుంది. రంగు నిలిస్తే తాగొచ్చు, పసుపుకి తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టే. ఏదైనా మొహమ్మీదే చెప్పేస్తుంది. నాన్చుడు ఆవిడకి ఇంటావంటా లేదు.

ఇవాళ ఒక తల్లి తెచ్చిన నీళ్లు చూస్తూండగానే పసుపెక్కాయి.

"ఇవి మానేసి వేరే చోటి నీళ్లు తెచ్చుకోండమ్మా. కాచినా పోయేది కాదిది," అంది.

తల్లి తెల్లబోయింది. "మా పాపకి పుట్టినప్పటినుంచీ సగమయ్యేదాకా మరిగించే తాగిస్తున్నాను మేడమ్. కొంతైనా తగ్గి ఉంటుందిగా?"

మరిగేకొద్దీ నీళ్లు ఇగిరిపోతాయి, ఫ్లోరైడ్ ఇగరదు. మిగిలిన సగంలో రెట్టింపై కూర్చుంటుంది. ఆవిడ చిన్నప్పుడు ఆవిడ తల్లి కూడా పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా అలాగే మరిగించి పోసింది. ఆమె చనిపోయేదాకా ఆవిడ ఆమెకి ఆ సంగతి చెప్పలేదు.

"తగ్గే ఉంటుందమ్మా," అంది. నవ్వు రాకపోయినా చెయ్యి నోటిమీదికి వెళ్లింది.