గంజి పెట్టిన గడ్డి టోపీ

ఆస్ట్రేలియాలో మేముండే టూవూంబా ఊళ్ళో నాకిప్పుడు టోపీల స్పెషలిస్ట్ అని పేరొచ్చింది. నవ్వకండి. ఎలా వచ్చిందో వింటే మీరే నవ్వుతారు, అప్పటిదాకా ఆగండి.

మా పక్కింటి బెవ్‌కి డెబ్బై ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మ పెళ్ళినాటి గడ్డి టోపీ ఒకటి ఆవిడ దగ్గరుంది. గంట ఆకారంలో చెవుల దాకా దిగుతుంది, క్లోష్ అంటారట. మా వీధి చివర కమ్యూనిటీ హాల్లో పాత టోపీల పోటీ పెట్టారు. అమ్మ టోపీ ఒక్కసారైనా పెట్టుకుని నలుగురిలోకి వెళ్ళాలని బెవ్ ఆశ. అదేమో తడిసిన అప్పడంలా వాలిపోయింది. నాకు నోరు ఊరుకోదుగా! మా అమ్మ కాటన్ చీరలకి గంజి పెట్టేది, రెండ్రోజుల్లో నిలబెడతాను, నాకొదిలేయండి అనేశాను.

టోపీ ఆరడానికి తల ఆకారంలో ఏదో ఒకటి కావాలి. వీడియోల్లో చెక్క దిమ్మలు వాడుతున్నారు. మనింట్లో దిమ్మలెక్కడివి? టేపుతో బెవ్ తల కొలిచొచ్చి, వంటింట్లో గిన్నెలన్నీ కొలిచాను. మేం అన్నం వండుకునే స్టీల్ గిన్నె కరెక్ట్‌గా సరిపోయింది. చిక్కటి గంజి కాచి, టోపీని ముంచి, బోర్లించిన గిన్నెకి తొడిగి వరండాలో ఆరబెట్టాను.

పోటీ రోజు పొద్దున చూస్తే టోపీ అద్భుతం! కొత్తదానిలా నిలబడింది. లాగాను. రాలేదు. ఇంకాస్త లాగితే గడ్డి పటపటమంది. అప్పుడు గుర్తొచ్చింది, చిన్నప్పుడు మేం కవర్లు అంటించింది అన్నం మెతుకులతోనే అని. మా ఆయన శ్రీధర్ వచ్చి, వేడినీళ్ళు పోస్తే ఊడుతుందిగా అన్నాడు. ఊడుతుంది, గంజి కూడా పోతుంది, మళ్ళీ అప్పడం.

ఆ గొడవలో ఉండగానే బెవ్ వచ్చేసింది. ముత్యాల దండ, లిప్‌స్టిక్, కొత్త షూస్. నాకు ఏడుపొచ్చింది. మీ అమ్మ టోపీ పాడుచేశానని చెప్పి సారీ అడిగాను. ఆవిడ టోపీని అటూ ఇటూ తిప్పి చూసింది. లోపల వేలితో టకటకా కొట్టింది. హ్యాండ్‌కర్చీఫ్ మడిచి గిన్నె అడుగున వేసి, మొత్తం నెత్తిన పెట్టేసుకుంది.

"లవ్లీగా ఉంది. పద, లేటవుతోంది," అంది.

హాలు ముందు నీలగిరి చెట్టు మీద మ్యాగ్‌పై గూడుంది. స్ప్రింగ్ వస్తే చాలు, ఆ పిట్ట దారిన పోయేవాళ్ళ తలలు పొడిచేస్తుంది. అందరూ గొడుగులు అడ్డం పెట్టుకుని పరిగెడుతున్నారు. బెవ్ మాత్రం తీరిగ్గా నడుస్తోంది. అది వెనకనుంచి దూసుకొచ్చి ఒక్కటిచ్చింది. టంగ్! వీధంతా వినబడింది. పిట్ట వెళ్ళి ఫెన్స్ మీద కూర్చుని తల విదిలించుకుంది. బెవ్ వెనక్కి కూడా తిరగలేదు. మెట్ల మీదున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

ఫస్ట్ ప్రైజ్ మాదే! కప్పు చేతిలోకి రాగానే బెవ్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా అమ్మ చూసుంటే బాగుండేది," అంది. ఇద్దరం ఏడ్చాం.

తర్వాత జడ్జి వచ్చి, ఇంత గట్టి షేప్ ఎలా తెచ్చారని అడిగింది. ఇండియన్ టెక్నిక్ అన్నాను, చాలా గంభీరంగా. అయితే మాకు ఒక క్లాసు చెప్పాలంది. తప్పకుండా అన్నాను. అక్కడికక్కడే పదకొండు మంది పేర్లిచ్చారు.

క్లాసు ఈ శనివారమే. టోపీలోంచి గిన్నె ఎలా తీయాలో మీలో ఎవరికైనా తెలిస్తే ఈలోపు కాస్త చెప్పండి.