బ్రేకు కింద కొబ్బరికాయ

మొన్న దసరాకు మనుమడు కొత్త కారు కొని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, ముందు సీట్లో కూర్చోమంటే, నేను ముందుగా వాడి వైపు తలుపు తీసి, ఈ వయసు నడుముతోనే వంగి, బ్రేకు కిందంతా చేత్తో తడిమి చూశాను. తాతకు చాదస్తం ముదిరిందని ఇంటిల్లిపాదీ నవ్వారు. నవ్వించడం నాకు కొత్త కాదు. పడుచుతనంలో నాకున్న ఉద్యోగం అదొక్కటే, జీతం లేకపోయినా ఒక్కరోజు సెలవు పెట్టలేదు.

నిజాం కాలంలో మా అన్న, కామారెడ్డిలో రైలు దిగినవాళ్లను ఎల్లారెడ్డికి చేర్చే ఒక సావుకారి మోటారు నడిపేవాడు. నాకు ఇరవై ఏళ్లు. పక్కన కూర్చుని డ్రైవింగు నేర్చుకుంటున్నానని పేరు. ఎద్దుల బండ్లు ఎదురైతే హారను కొట్టొద్దని, ఎద్దులు బెదిరితే బండిలోని వాళ్లు ఏ గుంటలోనో తేలుతారని, బ్రేకు పడకపోతే గాబరాపడి స్టీరింగు వదలక, గేరు తగ్గించి, మోటారును పక్క గట్టుకు రాయించి ఆపాలని రోజూ అదే పాఠం చెప్పేవాడు. నేను దాన్ని హరికథలా పాడి వెక్కిరిస్తే, మీసాల్లో నవ్వుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు.

ఆ ఏటి దసరాకు మమ్మల్ని కన్న మా అవ్వ మోటారుకు పూజ చేసి, పసుపు రాసిన కొబ్బరికాయను ఎర్రగుడ్డలో మూటగట్టి, స్టీరింగు కింది కడ్డీకి వేలాడదీసింది. తెల్లారి బయలుదేరేముందు అన్న దాన్ని విప్పబోయాడు.

"ఉండనియ్యే అన్నా. అమ్మవారు కిరాయి ఇయ్యకుండ ఎక్కింది, దించితె లొల్లి అయితది" అన్నాను.

"నీ నోటికో దండంరా" అని నవ్వి, అన్న చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

ఆ రోజు కామారెడ్డిలో ఎక్కినవాళ్లు దారి ఊళ్లలోనే దిగిపోయారు, మోటారులో మేమిద్దరమే మిగిలాం. ఎల్లారెడ్డి కొద్ది దూరం ఉందనగా, దిగుడులో, పిల్లాజెల్లాతో అంగడి నుంచి వస్తున్న బండ్లు దారినిండా కనబడ్డాయి. అన్న బ్రేకు తొక్కాడు. గతుకులకు మూట ఎప్పుడు ఊడిందో, కాయ దొర్లి బ్రేకు కింద చేరింది. ఎంత తొక్కినా బ్రేకు సగంలోనే ఆగిపోయింది. అన్న హారను కొట్టలేదు, స్టీరింగు వదల్లేదు, గేరు తగ్గించాడు. ఆ చోట మట్టిగట్లు లేవు, రెండు పక్కలా బండరాళ్లే. ఎడమ రాయికి నేను దగ్గర, కుడి రాయికి అన్న. అన్న కుడికి తిప్పాడు.

ఎద్దులు తల కూడా తిప్పలేదు. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. అన్న మళ్లీ మాట్లాడలేదు. జనం వచ్చేలోపు బ్రేకు కింది కాయను తీశాను. దానికి చిన్న పగులైనా లేదు. తువ్వాలులో చుట్టి, ఇంటికి పోయేదారిలో వాగులో వేశాను.

అవ్వ బతికినన్నాళ్లూ నా తల నిమిరి, "పెద్దోని రాత గట్లుండె గని, నా కొబ్బరికాయనే నిన్ను దక్కించింది బిడ్డా" అనేది. ఎవరేమన్నా ఓ మాట విసరకుండా ఉండలేని నేను, ప్రతిసారీ "అవునవ్వా" అని ఊరుకున్నాను.

ఇప్పుడా దారి నున్నగా నల్లబడింది. ఎద్దుల బండ్లు లేవు, హారనుకు బెదిరేవాళ్లూ లేరు. మనుమడి పక్కన కూర్చుంటే నాకు తెలియకుండానే అన్న పాఠం మొదలుపెడతాను. వాడు బుద్ధిగా తలూపుతాడు. ఒక్కసారి హరికథలా పాడి వెక్కిరిస్తే బాగుండుననిపిస్తుంది; మళ్లీ మొదటి నుంచి చెప్పేవాణ్ణి.