పక్కింటి మగ్గం గుంత

మా పెరటి వాలు పక్కింటి వైపుకు ఉంటుంది. ధర్మవరంలో ఈ ఇల్లు కొనేటప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినే రకం కాదు. వాన పడితే మా మిద్దె నీళ్ళన్నీ కూరగాయల మడుల్లోంచి నడిచి, గోడ కింది సందులోంచి పక్కింటి మగ్గం గుంతలోకి దిగేవి. పక్కింటాయన ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే పట్టుచీరలు నేస్తాడు. అది తడిస్తే మళ్ళీ ఆరేదాకా నేత లేదు.

ఆ సందు గురించి ఆయన భార్యకూ నాకూ ఏళ్ళ తరబడి జగడం.

"మూసేస్తాండా అక్కా, చెప్పలేదనొద్దు."

"మూసుకో. నా మడి చెరువైతే నీ చీర మీద నారు పోస్తా."

"పోయక్కా, బుటాలకు బదులు వంకాయలు కాస్తాయి."

పోయినేడు రాళ్ళూ బంకమట్టీ పెట్టి మూసేసింది. ఆ తర్వాత వానొస్తే బక్కెట్టుతో నీళ్ళు ఎత్తిపోస్తూ గోడ మీదుగా తిట్టేదాన్ని. ఆమె అంతకంత బదులిచ్చేది. ఇంట్లో నాతో వాదించడానికి ఇంకెవరున్నారు?

సంక్రాంతి కాగానే ఆలుమగలిద్దరూ హిందూపురంలో గార్మెంట్స్ పనికి పోయారు. తాళం వేస్తూ, "మగ్గం ఈడే ఉండాది. గుంతలోకి నీళ్ళు పోనీయొద్దక్కా, మళ్ళా వస్తాం" అంది.

శివరాత్రి దాటాక పెనుకొండ నుంచి టమాట నారు తెచ్చి నాటాను. వేళ్ళు పట్టకముందే కాలం కాని వాన. మడులు నిండాయి, నారు తలలు మాత్రమే కనబడుతున్నాయి. సందులో గడ్డపారతో ఒక్క పోటు పొడిస్తే చాలు.

"పొడుస్తున్నా!" అని గోడకేసి అరిచాను. ఎప్పుడూ ఠక్కున వచ్చే బదులు రాలేదు. వాన చప్పుడే.

గడ్డపార పక్కన పడేసి, వాలుకు ఎదురుగా వీధి దాకా మూరెడు లోతు కాలువ తవ్వాను. అది టమాట మడి నడుమనుంచే పోవాల్సి వచ్చింది.

మర్నాడు ఫోన్ చేశాను. "నీ గుంతలో చుక్క లేదు. నా నారు సగం పోయింది. సంతోషమేనా?"

అవతల కుట్టుమిషన్ల మోత. ఆ మోతలోనే అంది: "మగ్గం అమ్మేస్తాండామక్కా. బత్తలపల్లి వాళ్ళు ఉగాదిలోపే విప్పుకొని పోతారంట. ఇంక ఆ సందు తెరుచుకో."

ఆ మాట అనిపించడానికి నేను చేయని వాదన లేదు.

"నేనెందుకు తెరుస్తా? మూసింది నువ్వు. నువ్వే వచ్చి తెరువు."

"సూపర్వైజరు చూస్తాండాడు, పెట్టేస్తా" అంది. వస్తాననలేదు.

మిగిలిన నారుకు మన్ను ఎగదోశాను. వానకు సందు దగ్గర బంకమట్టి కాస్త జారింది. ఇంకో తట్టెడు మట్టి పోసి, కాలితో తొక్కి గట్టి చేశాను.