కొండ దిగని పిట్ట

సుకమాయ చేతులకు ఎప్పుడూ మైనం వాసనే. మగవాళ్ళు కొండచరియ మీద తాళ్ళ నిచ్చెనకు వేలాడి తేనెపట్లు కోసుకొస్తే, పిప్పి మరిగించి, గుడ్డలో పిండి, మైనం ముద్దలు చేసేది ఆవిడే. ఆ పని తనలా ఇంకెవరూ చేయలేరని గీర కూడా ఉండేది.

ఆమె మొగుడు జసబీర్ ఆ నిచ్చెన మీంచే జారి నదిలో పడ్డాడు. శవం దొరకలేదు. కర్మ రోజున అతని చొక్కా గొర్రెకు కప్పి, అతని ఆత్మను దానిలోకి పిలిచారు. ఆత్మ వస్తే గొర్రె వణకాలి. అది మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి గడ్డి మేసింది.

"వదినా, అన్న ఇంకా చరియ మీదే ఉన్నాడు," అన్నాడు మరిది తేక్‌జంగ్.

"ఉంటే నువ్వెళ్ళి పిలుచుకురా. నోరుంది కదా!" అని కసిరింది.

కసిరింది గానీ గుండెల్లో భయం పట్టుకుంది. చచ్చాక ఉత్తరాన ఉన్న తాతముత్తాతల దగ్గరికి చేరకపోతే మనిషి ఎటూ కాకుండా పోతాడు.

చలికి తేనెటీగలు పట్లు విడిచి లోయలోకి దిగిపోయాక ఆమె ఒంటరిగా చరియ కిందికి వెళ్ళింది. ఖాళీ పట్టు పక్కన కొమ్మ మీద పిచ్చుకంత పిట్ట కూర్చుని ఉంది, నడుము మీద పసుపు మరక. ఈ పిట్ట ఎత్తు కొండల్లో తప్ప కింది ఊళ్ళలో కనిపించదు. ఈగలు పోయినా ఎండు మైనం కొరుక్కుంటూ పట్టునే కాపలా కాస్తుంది. ఆ రోజు మాత్రం తిండి మాని ఆమెనే చూసింది. ఆమె ఎటు జరిగితే అటు తల తిప్పింది.

"ఏమయ్యా, ఇంటికి రావా?" అంది సుకమాయ.

మళ్ళీ కర్మ పెట్టారు. పూజారి డోలు కొట్టి పిలిచాడు. ఈసారి గొర్రె గజగజ వణికింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. జసబీర్‌కు ఇష్టమని రాగుల సారా, కోడిమాంసం గొర్రె ముందు పెట్టారు. అది వాసన కూడా చూడలేదు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, గుమ్మం పక్కన ఆరబెట్టిన మైనం ముద్ద నమలసాగింది.

డోలు ఆగిపోయింది.

"వచ్చింది అన్నేనా?" అని గొణిగాడు తేక్‌జంగ్.

"నాకూ తెలీదు," అన్నాడు పూజారి, వెనక్కి జరుగుతూ. "పొమ్మని చెప్పమ్మా. నువ్వు చెబితేనే పోయేది. లేకపోతే ఇక్కడే ఉండిపోతుంది."

సుకమాయ గొర్రె మెడ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇన్నాళ్ళూ అక్కడ నీకిదే తిండా?"

లేచి ఇంకో ముద్ద తెచ్చి నోటికి అందించింది. పొమ్మని మాత్రం అనలేదు.