శవం తిన్న ఇడ్లీలు

జీవరాజు మాస్టారి నాటకంలో కథ ఉన్నా లేకపోయినా తిండి సీను మాత్రం ఉండి తీరాల్సిందే. నర్సీపట్నం డిగ్రీ కాలేజీలో ఆయన చెప్పేది కామర్సు, ఆడించేది నాటకాలు. ఆయన యముడు పాపుల్ని పక్కన కూర్చోబెట్టి ఉప్మా తింటాడు. ఆయన ముని తపస్సు మధ్యలో కళ్ళు తెరిచి, వరం సంగతి తర్వాత, ముందు పులిహోర ఏదంటాడు. ఉత్తుత్తి తిండి కాదు సుమండీ, మాస్టారి భార్య రత్నమణి గారు వండి పంపే అసలు తిండి. పైగా దానికి రోజూ రిహార్సలు!

"నమలడంలో జీవం లేదురా సూరన్నా! ఇంకో రెండు తిని చూపించు!"

హీరోయిన్ సాయిలక్ష్మిది ఊళ్ళోనే ఇల్లు. ఆమెకి మాత్రం ఒక్క ఇడ్లీ ముక్కయినా రాయలేదు. "నాకేటి సార్, ఆకలెయ్యదా?" అని అడిగేసింది. "నీ పాత్రకి పథ్యం అమ్మా" అన్నారాయన. ఆ సీను మీద తను కట్టిన కక్ష తలుచుకుంటే సాయిలక్ష్మికి ఇప్పటికీ మొహం చెల్లదు.

యూనివర్సిటీ పోటీల్లో కొంప మునిగింది. కొడుకు శవం మీద పడి ఏడ్చే తల్లి సాయిలక్ష్మి. శవం సూరన్న. "ఆకలితో చావకూడదమ్మా" అని, చావుకి ముందు వాడిచేత పళ్ళెం నిండా ఇడ్లీలు తినిపించారు మాస్టారు. సాయిలక్ష్మి గుండెలు బాదుకుంటూ "నాయనా, ఒక్కసారి పలకరా!" అంది. శవం గట్టిగా తేన్చింది.

హాలు హాలంతా పడీపడీ నవ్వింది. ఉత్తమ నటి కప్పు ఇంకెవరో పట్టుకుపోయారు.

మరుసటి ఏడు మళ్ళీ అదే నాటకం. ఆమెకి అది ఆఖరి సంవత్సరం.

"తిండి సీనైనా ఉండాలి, నేనైనా ఉండాలి సార్."

మాస్టారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "సరేనమ్మా, తీసేద్దాం."

వారం తిరక్కుండానే నాటకం నీరుగారిపోయింది. సూరన్న డైలాగు ముందు వరసకే వినబడదు.

"ఏటిరా, గట్టిగా సెప్పు!" అని కసిరింది సాయిలక్ష్మి.

"ఓపిక లేదే సాయీ. కొయ్యూరులో బస్సు అందుకోవాలంటే ఇంట్లో పొయ్యి ముట్టించకముందే బయల్దేరాల. సారు సీనుంటే ఫర్వాలేదు గానీ..." నాలిక్కరుచుకుని, నీళ్ళు తాగొస్తానంటూ వెళ్ళిపోయాడు.

అప్పుడు తట్టింది. యముడిది రోలుగుంట అవతలి పల్లె. ముని కూడా కొండ మీంచి దిగి వచ్చేవాడే. తినే వేషాలన్నీ బస్సు పిల్లలవే! అయ్యో, నా నోరు పడిపోను అనుకుంటూ మాస్టారి ఇంటికి పరిగెత్తింది.

"రోజూ కేరేజీ పట్టుకెళ్తన్నారు, రోజూ నిండుగానే తెస్తన్నారు" అన్నారు రత్నమణి గారు. "ఊరికే పెడితే, తినేసి వచ్చాం సార్ అంటారట. పౌరుషం గల కుర్రగుంటలమ్మా. వేషం కోసమంటేనే తింటారు."

"నాతో సెప్పొచ్చు కదా సార్?" అని పక్కనే ఉన్న మాస్టారి వైపు తిరిగింది.

"చెబితే నువ్వు జాలిపడతావు. నీ మొహం చూస్తే వాళ్ళకి తెలిసిపోద్ది."

"సీను పెట్టెయ్యండి సార్."

"మరి కప్పో?"

సాయిలక్ష్మికి ఆ కప్పు కళ్ళముందు మెదిలింది. ఆశ అంత బేగి చావదు మరి. "పెట్టెయ్యండి" అంది చివరికి. "నేనే వడ్డిస్తాను."

పోటీ రోజు స్టేజీ మీద, తను పస్తు పెట్టిన వారమంతా ఒక్క పళ్ళెంలో తీర్చేద్దామన్నట్టు వడ్డించింది. అది తీరదని ఆమెకీ తెలుసు.

"సాలే బాబూ, సచ్చిపోతాను" అని గొణిగాడు సూరన్న.

"ఎలాగూ సావాలి కదరా, తిను!"

తిన్నాడు, చచ్చాడు. సాయిలక్ష్మి వాడి మీద పడి గుండెలు బాదుకుంది. "నాయనా, ఒక్కసారి పలకరా!"

శవం తేన్చింది. ఈసారి హాలు కంటే ముందు కన్నతల్లే పకపకా నవ్వేసింది.