అవ్వ ఇంటికి వచ్చిన ఓట్ల పెట్టె

ఆ రోజుల్లో పరాయి భాషలో నాలుగు ముక్కలు వస్తే చాలు, ఆ దేశమే నాకు అర్థమైపోయిందనుకునేవాణ్ణి. మార్కాపురంలో పలకల పని తగ్గిపోయాక నేనొక రాళ్ళ కంపెనీలో చేరితే, పాలిషింగు చూసుకోమని నన్ను వియత్నాం పంపారు. అక్కడ ఒక ముసలమ్మ ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. అవ్వా అనే పిలిచేవాణ్ణి. (ఆమె మాట్లాడింది వాళ్ళ భాషే అయినా, నాకెందుకో మా కొనకనమిట్ల యాసలోనే గుర్తుంది.) భర్త పోయాక ఆమెను బతికించింది ఒక చిన్న నూడుల్స్ దుకాణం. రోడ్డు వెడల్పు చేయాలని అక్కడి అధికారి ఒకడు దాన్ని ఒక్క పొద్దులో కూలగొట్టించాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది నా కోసమే. తను తినీ తినక ఉండేది.

అలాంటప్పుడు వాళ్ళ పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. ఉన్నది ఒకటే పార్టీ. అయినా వీధంతా ఎర్రజెండాలు, తెల్లవారకముందే మైకులో పాటలు. కాగితం మీద ఉన్న పేర్లలో అక్కర్లేనివాళ్ళను కొట్టేసి పెట్టెలో వేయాలి. (ఎవరు గెలుస్తారో టీ కొట్టువాడికి కూడా ముందే తెలుసు.) పొద్దెక్కేసరికి వీధి మొత్తం ఓట్లు వేసేసింది, అవ్వ తప్ప. ఒక్క ఓటు తగ్గినా తనకు మాటొస్తుందని వీధి పెద్ద వచ్చి తలుపు కొట్టాడు.

"నాకు బాగలేదని చెప్పి పంపీరా అబ్బయ్యా" అని అవ్వ దుప్పటి కప్పుకుంది.

నేను వెళ్ళి, మంచం మీంచి లేవలేనంత జ్వరమని ఒక్క తప్పు లేకుండా చెప్పాను. ఆయన జాలిగా తలూపి వెళ్ళిపోయాడు. నా భాషకు నాకే ముచ్చటేసింది. కాసేపటికి ఆయన మళ్ళీ వచ్చాడు. వెనకాల ఇద్దరు మనుషులు ఎర్రటి ఓట్ల పెట్టె మోసుకొస్తున్నారు! లేవలేనివాళ్ళ దగ్గరికి పెట్టే నడిచొస్తుందని నాకెవరు చెప్పారు?

అవ్వ నన్నొక చూపు చూసి లేచి కూర్చుంది. వీధి పెద్ద మర్యాదగా గోడ వైపు తిరిగాడు. ఆమె పెన్ను గట్టిగా పట్టుకుని పేర్లన్నీ పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చదివింది.

"నా దుకాణం పడగొట్టినోడి పేరు యాడుందిరా?" అంది నెమ్మదిగా. "పెట్టె ఎట్లాగూ ఇంటికొచ్చింది, వాణ్ణి కొట్టేద్దామని ఉంటిని. వాడు ఇందులో లేనే లేడే!"

ఎవరెవరి మీదో గీతలు పెట్టి, మడిచి, పెట్టెలో వేసేసింది. వీధి పెద్ద రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని, త్వరగా కోలుకోవాలని చెప్పి వెళ్ళాడు. తలుపు మూసుకోగానే అవ్వ ఏడ్చింది. అంత ఏడుపు ఆమె దుకాణం పోయిన రోజు కూడా ఏడవలేదు.

ఓదార్చాలి కదా! "మా దగ్గర ఇట్ల కాదవ్వా. నచ్చనోణ్ణి ఓటుతో దించేస్తాం. నీళ్ళియ్యలేదని పోయినసారి ఒకణ్ణి దించినాం" అన్నాను.

"ఇంకొకడు వచ్చినాడా?"

"వచ్చినాడు."

"నీళ్ళిచ్చినాడా?"

బోరు ఎండిపోయిందని, బత్తాయి చెట్లు కొట్టించేస్తున్నానని మా నాయన ముందురోజే ఫోనులో చెప్పాడు. అవ్వ నా మొహం చూసి, అరచేత్తో కళ్ళు తుడుచుకుని, "లెయ్యి, తిందువుగానీ" అని పొయ్యి దగ్గరికి పోయింది.

ఇప్పుడు మా ఊళ్ళో ఓటేసి వచ్చిన ప్రతిసారీ, ఏడుస్తున్న ముసలమ్మకు మన ఎన్నికల గొప్ప చెప్పబోయిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని గట్టిగా తిట్టాలనిపిస్తుంది. తీరా వాడి మొహంలోని ఆ ధీమా చూశాక, పోనీలే, ఇంకొన్నాళ్ళు అట్లాగే ఉండనీ అనిపిస్తుంది.